బందరు దాకా ఒకటే రోడ్డు

చందర్లపాడులో బస్సెక్కి నందిగామ చేరితే హైవే తగులుతుంది. పుణె దగ్గర మొదలైన 65వ నంబరు జాతీయ రహదారి అది. హైదరాబాదు దాటి, జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల మీదుగా బెజవాడ వచ్చి, అక్కడి నుంచి బందరు వెళ్లి ఆగుతుంది. మన పిల్లలకు ఈ రోడ్డంటే పడమటి దిక్కే. ఇంటరైనా, కోచింగైనా, ఉద్యోగమైనా హైదరాబాదే. తూర్పు కొసన, మచిలీపట్నంలో, 2008లో పెట్టిన కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది. నందిగామలోనో జగ్గయ్యపేటలోనో డిగ్రీ చేసినవాళ్ల పట్టా మీద ఉండే పేరు కూడా అదే. పట్టా మీద పేరు చూసుకుంటాం గానీ, అక్కడికే వెళ్లి పీజీ చదివితే ఎంతవుతుంది, అందులో ఎవరు ఎంత ఇస్తారు అని కూర్చుని లెక్కవేసుకున్న ఇళ్లు మన మెట్ట ఊళ్లలో తక్కువ.

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలోనే. 1930లో వాల్తేరుకు తరలిపోయింది. 1967లో అదే విశ్వవిద్యాలయం గుంటూరులో పీజీ సెంటరు తెరిచింది. 1976లో ఆ సెంటరు నాగార్జున విశ్వవిద్యాలయమైంది. ఆ తర్వాత బందరు. అంటే చేజారిన చదువు మళ్లీ మన దగ్గరికి నడిచి రావడానికి దాదాపు ఎనభై ఏళ్లు పట్టింది. దూరం తగ్గింది. కానీ దూరంతో పాటు ఖర్చు భయం తగ్గలేదు. ఆ భయం గురించే ఈ అధ్యాయం.

మొన్న జూలైలో, తొలకరి పడి గుడిమెట్ల గుట్టల మీద వజ్రాలు వెతుక్కునేవాళ్లు దిగిన రోజుల్లో, మా పిన్ని వరసైన ఆవిడ ఇంటికొచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు. కవరులో కూతురి సర్టిఫికెట్లు. అమ్మాయి నందిగామలో బీఎస్సీ చేసి, పీజీసెట్ రాసి, బందరులో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకుంది. ఇంట్లో మూడెకరాల కౌలు, సగం పత్తి, సగం మిర్చి. పిన్ని కూర్చోకుండానే అడిగింది.

"అబ్బాయ్, ఫీజు గవర్నమెంటే కడుతుందంటున్నారు. హాస్టలుకేమో ముందు కట్టమంటున్నారు. మొత్తం ఎంతవుద్దో, ఎప్పుడెప్పుడు కట్టాలో చెప్పు. తెలిస్తే ఎట్టాగో తెస్తా. తెలియకపోతే ఎవర్ని అడగాలో కూడా తెలియట్లా."

ఇన్నేళ్లుగా అడ్మిషన్ల కాలంలో ఊళ్లో పిల్లల వెంట తిరుగుతున్నాను. ఇంత సూటిగా అడిగినవాళ్లు అరుదు. అందరూ "ఎంత" అని అడుగుతారు. పిన్ని "ఎప్పుడెప్పుడు" అని కూడా అడిగింది. మన ఇళ్లకు అసలు ప్రశ్న ఆ రెండోదే.

నోటుబుక్కులో రెండో గడి

కాలేజీ డబ్బు అడిగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. కౌన్సెలింగ్ ఫీజు, చేరేటప్పటి ఫీజు, హాస్టలు అడ్వాన్సు, పక్కబట్టలు, బకెట్టు, పుస్తకాలు, అన్నీ అప్పుడే. మన చేలు డబ్బు అడిగేది కూడా ఆ నాలుగు నెలల్లోనే: విత్తనాలు, ఎరువులు, కలుపు కూలి, పురుగుమందు. పత్తి మొదటి తీత చేతికొచ్చేది దసరా దాటాక. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకెళ్లేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. చేతిలో రూపాయి ఆడని రోజుల్లో చదువు ఖర్చు మీద పడుతుంది, చేతిలో డబ్బున్న మార్చిలో కాలేజీ ఏమీ అడగదు. అందుకే పెద్ద మొత్తం కాకపోయినా అప్పు చేయాల్సి వస్తుంది.

ఆ అప్పు ఖరీదు చూడండి. జూలైలో నలభై వేలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు ఎనిమిది వందలు. మార్చిలో మిర్చి అమ్మి తీర్చేసరికి ఎనిమిది నెలలకు 6,400. రెండు నెలల మెస్ బిల్లుకు సరిపడా సొమ్ము వడ్డీకే పోతుంది. అదే నలభై వేలు కిందటి మార్చిలో పక్కన పెట్టుకుని ఉంటే ఆ డబ్బు అమ్మాయిదే అయ్యేది.

కాబట్టి నోటుబుక్కు తీసి పేజీకి మూడు గీతలు కొట్టండి. మొదటి గడిలో ఖర్చు పేరు, రెండో గడిలో నెల, మూడో గడిలో ఎంత. నెల రాసిన తర్వాతే అంకె రాయండి. పిన్నితో నేను చేయించింది అదే. రాసింది అమ్మాయి. నేను చెప్పడం, పిన్ని "ఆగు ఆగు" అంటూ మధ్యలో గుర్తుచేయడం. ఫీజు ఎంతో నేను ఊహించలేదు, కౌన్సెలింగ్ పేజీలో ఆ కోర్సుకు చూపించిన అంకెనే ఎక్కించాం. మెస్‌కు నెలకు మూడు వేలు అనుకుని పది నెలలకు ముప్పై వేలు వేశాం. ఇంటికి రాకపోకలు, సబ్బులు, ఫోను రీచార్జి కలిపి నెలకు వెయ్యి, మరో పది వేలు. పుస్తకాలు, రికార్డులు, ల్యాబు కోటు, పరీక్ష ఫీజులు కలిపి ఎనిమిది వేలు. ఫీజు కాకుండా మొత్తం 48,000. ఇవి మేం అనుకున్న అంకెలు, మీ ఇంటికి మీ అంకెలు వేసుకోండి. వేసుకోవడం మాత్రం మానకండి. మొత్తం కనపడగానే పిన్ని మొహంలో బెంగ సగం తగ్గింది. ఆవిడ మనసులో రెండు లక్షలు అనుకుంటూ వచ్చిందట.

రాకపోకల గడిలో ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. అమ్మాయి బెజవాడలో బస్సు మారి ఊరు చేరడానికి ఆ రెండూ చాలు. మగపిల్లలైతే ఆ గడి కొట్టేయకండి.

సీటు ఏ రకం

ఫీజు రీయింబర్స్‌మెంటు మీద మన ఇళ్లలో ఉన్న నమ్మకం గట్టిది, సమాచారం మాత్రం పలచన. అన్ని సీట్లకూ అది రాదు. కన్వీనరు కోటాలో వచ్చిన సీటుకు వస్తుంది. మేనేజ్‌మెంటు కోటాకు రాదు. స్పాట్ అడ్మిషన్‌లో చేరినవాళ్లకు రాదు. విశ్వవిద్యాలయం క్యాంపస్‌లోనే ఒకే బోర్డు కింద రెగ్యులర్ కోర్సులూ సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులూ ఉంటాయి. గది అదే, మేష్టారు వాళ్లే కావచ్చు, ఫీజు మాత్రం వేరు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కోర్సు పేరు పక్కన ఉన్న ఆ చిన్న మాట చూడకుండా పెడితే తర్వాత ఏడ్చి లాభం లేదు.

ఒక్క జీవోతో ఎంత మారుతుందో చెబుతాను. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో, ప్రైవేటు కాలేజీల్లో పీజీలో చేరేవాళ్లకు ఫీజు సాయం ఆపేసింది. విశ్వవిద్యాలయాల్లో, ప్రభుత్వ కాలేజీల్లో చేరేవాళ్లకు ఉంచింది. ఊరి పక్క కాలేజీయే మేలనుకుని చేరిన పిల్లలు ఎందరో అప్పుడు చిక్కుకున్నారు. నిరుడు పక్కింటి అబ్బాయికి వచ్చింది కాబట్టి ఈ ఏడు మనకూ వస్తుందని అనుకోవద్దు. చేరే ఏడాది నిబంధన ఏమిటో సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటును అడిగి, మాట కాకుండా కాగితం చూపించమనండి. అడగడం తప్పు కాదు, అది వాళ్ల పని.

2020లో మొదలైన విద్యాదీవెన పేరుతో ఫీజు, వసతి దీవెన పేరుతో తిండీ బసకూ డబ్బు తల్లుల ఖాతాల్లో పడేది. ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు, మాగాణి పదెకరాలు, మెట్ట అయితే పాతికెకరాలు దాటకూడదన్నారు. 75 శాతం హాజరు ఉండాలన్నారు. డిగ్రీ, ఆపై చదువులకు వసతి కింద ఏడాదికి 20,000, పాలిటెక్నిక్‌కు 15,000, ఐటీఐకి 10,000 అన్నారు. 2024-25 నుంచి ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకే వేసే పద్ధతి పెట్టారు. పేరు ఏదైనా రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ఈ డబ్బు వాయిదాల్లో వస్తుంది, వాయిదా ఆలస్యమవుతుంది. వస్తుందని రాసుకోండి గానీ, జూలై గడిలో రాసుకోవద్దు. రెండు, హాజరు. అమ్మాయి మిర్చికోతలకని నెల రోజులు ఇంట్లో ఉండిపోతే ఆ కూలి డబ్బు కన్నా పోయేది ఎక్కువ. దీన్ని తల్లిదండ్రులు మనసులో పెట్టుకోవాలి, పిల్లలు చెప్పడానికి మొహమాటపడతారు.

ప్రభుత్వం ఫీజు వేయలేదని ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చునే చోట్లు ఉన్నాయి. 2018 అక్టోబరులో యూజీసీ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థ ఒరిజినల్స్ చూసి, సరిపోల్చి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. దాచుకోకూడదు. అదే ఉత్తర్వులో ఫీజు వాపసు లెక్క కూడా ఉంది. అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజులకు ముందే మానుకుంటే కట్టిన ఫీజు పూర్తిగా వెనక్కి. ఆ 15 రోజుల లోపల అయితే 90 శాతం. ఆఖరు తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, ఆపైన నెల లోపు 50. నెల దాటితే ఏమీ రాదు. చేరిన వారానికే మెరుగైన సీటు వచ్చిన పిల్లాణ్ణి "కట్టిన డబ్బు పోతుంది" అని బెదిరించి ఆపిన తండ్రిని చూశాను. పోదు. తేదీ చూసుకుని, చేత్తో ఒక ఉత్తరం రాసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవాలి.

ఆదాయం రెండున్నర లక్షలు దాటి, అలాగని కలిగినవాళ్లూ కాని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ చూడాలి. ఇంటర్‌లో బోర్డులో పైనున్న ఇరవై శాతంలో నిలిచి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్న పిల్లలకు కేంద్రం డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 ఇచ్చే పథకం ఉంది. అయితే రాష్ట్ర ఫీజు సాయం తీసుకునేవాళ్లు దీన్ని తీసుకోకూడదు. ఏది ఎక్కువో లెక్కవేసి ఒకటే పట్టుకోవాలి. పీజీకి యూజీసీ ఇచ్చేది ఇంకొకటి ఉంది, నెలకు 15,000 చొప్పున ఏడాదికి పది నెలలు. డిగ్రీ మార్కుల మీద దేశమంతటా పదివేల మందికి ఇస్తారు, అందులో 30 శాతం ఆడపిల్లలకు. పదివేల మందిలో చందర్లపాడు అమ్మాయి ఎందుకు ఉండకూడదు? దరఖాస్తు పెట్టడానికి ఖర్చేమీ లేదు.

ఇంట్లో టెన్త్ చదివే పిల్లలుంటే ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. 2008లోనే నూజివీడులో మొదలైన ట్రిపుల్ ఐటీకి ప్రవేశ పరీక్ష లేదు, టెన్త్ మార్కులే. ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల పిల్లలకు వెనకబాటు కింద 4 శాతం కలుపుతారు. ఆరేళ్లు అక్కడే ఉండి ఇంజనీరై బయటికి రావచ్చు. జడ్పీ హైస్కూల్లో చదివిస్తున్నామని చిన్నబుచ్చుకునే తల్లిదండ్రులకు ఈ నాలుగు శాతం గురించి ఎవరో ఒకరు చెప్పాలి.

కవరులో కాగితాలు

పిన్ని తెచ్చిన కవరు బోర్లించాం. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మార్కుల జాబితాలు, టీసీ, కుల ధ్రువీకరణ, రేషన్ కార్డు జిరాక్సు. ఆదాయ ధ్రువీకరణ పాతది. స్టడీ సర్టిఫికెట్లు డిగ్రీవి మాత్రమే.

స్టడీ సర్టిఫికెట్ల దగ్గర మన సరిహద్దు ఊళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 371-డి కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం సీట్లలో 85 శాతం స్థానికులకు. స్థానికులెవరు? అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఇక్కడ చదివినవాళ్లు. అలా కుదరకపోతే వెనకటి ఏడేళ్లు తీసి, ఎక్కడ ఎక్కువ ఏళ్లు చదివితే అక్కడివాళ్లుగా లెక్క. ఇంజనీరింగు సీటుకు ఇంటరే అర్హత పరీక్ష కాబట్టి ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. పీజీకైతే డిగ్రీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. జగ్గయ్యపేట నుంచి కోదాడ ఎంత దూరం? పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే దూరం. కానీ అది వేరే రాష్ట్రం. విభజన చట్టం ఉమ్మడి ప్రవేశాలకు ఇచ్చిన పదేళ్లు 2024 జూన్ 2తో ముగిశాయి. పదో తరగతి దాకా ఇక్కడ చదివి రెండేళ్లు ఇంటర్‌కు హైదరాబాదు వెళ్లిన పిల్లాడికి ఏడింట ఐదేళ్లు ఇక్కడివే, ఫరవాలేదు. ఎనిమిదో తరగతికే హాస్టల్లో వేసిన పిల్లాడికి ఐదేళ్లు అక్కడివి అవుతాయి, సొంత జిల్లా విశ్వవిద్యాలయంలోనే పరాయివాడవుతాడు. చిన్నప్పుడు మంచి స్కూలని పంపించేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఆదాయ ధ్రువీకరణకు చందర్లపాడు సచివాలయంలో దరఖాస్తు పెడితే తహసీల్దారు ఆఫీసు నుంచి వస్తుంది. ఈడబ్ల్యూఎస్ కాగితం కావలసినవాళ్లకు అది ఏడాదికే చెల్లుతుంది, కిందటేడుది పనికిరాదు. వీటిని కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టే అలవాటు మనది. మే నెలలో పెట్టండి. అప్పుడు ఆఫీసులో రద్దీ ఉండదు, ఎండ ఉన్నా సరే.

అన్నిటికన్నా ముందు పేర్లు చూడండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఎలా ఉంది, ఆధార్‌లో ఎలా ఉంది, బ్యాంకు పుస్తకంలో ఎలా ఉంది. నా సొంత అనుభవం ఇది. నా మెమోలో ఇంటిపేరు రెండక్షరాలకు కుదించి ఉండేది, కుల ధ్రువీకరణలో పూర్తిగా ఉండేది. నేను చదివిన కాలేజీలో గుమాస్తా రెండు పేర్లూ ఒకరివి కావని నా దరఖాస్తు పక్కన పెట్టేశాడు. అది పక్కన పెట్టారని తెలిసేసరికి మార్చి అయింది. ఆ ఏడాది స్కాలర్‌షిప్ నాకు రాలేదు. నాన్న ఒక గేదెను అమ్మాడు. దాన్ని తోలుకెళ్లిన రోజు అమ్మ దొడ్లోకి రాలేదు. తర్వాత ఎన్ని ఉద్యోగాలు చేసినా ఆ రోజు నా మనసులోంచి పోలేదు. నా చేతిలోకి వచ్చిన ఏ పిల్ల కాగితాల్లోనైనా నేను మొదట చూసేది ఇంటిపేరే.

పాత సిమ్ము

పిన్ని కూతురి పేర్లు కలిశాయి. చిక్కు ఇంకోచోట వచ్చింది. దరఖాస్తు నింపుతుంటే పిన్ని ఆధార్ ఓటీపీ అడిగింది. ఆధార్‌కు కట్టిన నంబరు పిన్నిది, ఎప్పుడో రీచార్జి లేక ఆగిపోయిన సిమ్ము. ఆ నంబరు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో. ఓటీపీ వాళ్లకు పోతోంది. మర్నాడు ఆధార్ సెంటరుకు వెళితే వేలిముద్ర పడలేదు. కుడిచేతి బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది, ఎడమచేయి పెట్టింది. ఇరవై ఏళ్లు పత్తి తీసిన, మిర్చి కోసిన చేతులు. గీతలు అరిగిపోయాయి. ఆవిడ చేతులు చీరకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఆపరేటరు కుర్రాడు మంచివాడు. "అమ్మా, వేళ్లు వద్దులే, కళ్లు పెడదాం" అని ఐరిస్ మిషన్ తీశాడు. కళ్లు కలిశాయి.

ఈ చిన్న పనికి మూడు రోజులు పట్టింది. దరఖాస్తుకు ఆఖరు రోజున ఇది బయటపడి ఉంటే? కాబట్టి మే నెల పనుల్లో ఇది కూడా రాసుకోండి: తల్లి ఆధార్‌కు ఏ ఫోను ఉంది, బిడ్డ ఆధార్‌కు ఏ ఫోను ఉంది, ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు కట్టి ఉంది. ప్రభుత్వ డబ్బు మనం చెప్పిన ఖాతాకు కాక ఆధార్ చివరగా కట్టిన ఖాతాకు పోతుంది. డ్వాక్రా కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో స్కాలర్‌షిప్ పడి నెలల తరబడి ఉండిపోయిన ఇళ్లు నాకు తెలుసు.

అన్నీ వచ్చినా కొంత లోటు ఉంటుంది. దాన్ని బ్యాంకు విద్యారుణంతో పూడ్చవచ్చు. నాలుగు లక్షల దాకా ఆస్తి తనఖా అడగరు, మన వంతు డబ్బు ముందు పెట్టమనీ అడగరు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికచేసిన సంస్థల్లో చేరినవాళ్లకు, ఎనిమిది లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకు, పది లక్షల దాకా రుణం మీద వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది. మీరు చేరే విశ్వవిద్యాలయం ఆ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. నా మట్టుకు నేను, రెండేళ్ల ఎమ్మెస్సీకి, ఇరవై ముప్పై వేల లోటుకు బ్యాంకు దాకా వెళ్లమనను. మార్చి డబ్బే దానికి మందు. ఇంజనీరింగుకో, దూరపు చదువుకో అయితే మాత్రం నూటికి రెండు రూపాయల వడ్డీ కన్నా బ్యాంకు మేనేజరు గుమ్మం దగ్గర రెండు పూటలు నిలబడడం నయం.

పిన్ని కూతురు సెప్టెంబరులో బందరు వెళ్లింది. ఆ ఏడాదికి అప్పు తప్పలేదు, డ్వాక్రా సంఘంలో తీసుకుంది. మార్చిలో గుంటూరు యార్డులో మిర్చి అమ్మి వచ్చిన రోజు, ఇంటికి పోకుండా ముందు నందిగామ పోస్టాఫీసుకు వెళ్లిందట. సాయంత్రం ఫోను చేసింది.

"అబ్బాయ్, రెండో ఏడు పేజీలో జూలై గడి నిండింది. ఆగస్టు గడికి ఇంకో రెండు వేలు తక్కువ. దానికి టైముంది కదా?"

ఉంది పిన్నీ, అన్నాను. ఐదు నెలలుంది.